రైలు వెళ్లిపోయినా మిగిలిన స్టేషన్: ట్రినిడాడ్‌లో 92 ఏళ్ల బండి ఎందుకు ఆగింది?

ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సౌత్ క్వే అనే రోడ్డు ఉంది. సముద్రం పక్కనే, ఓడరేవుకు దగ్గర్లో. ఆ రోడ్డు మీద ఒక పాత రైల్వే స్టేషన్ ఉంది. పొద్దున్నుంచి రాత్రి దాకా జనం వస్తూనే ఉంటారు, పోతూనే ఉంటారు. స్కూల్ పిల్లలు, ఆఫీసులకు పోయేవాళ్లు, సంచులతో బజారు నుంచి వచ్చేవాళ్లు. కానీ అక్కడ రైలు లేదు. 1968 తర్వాత ఒక్క ప్యాసింజర్ రైలూ రాలేదు. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు సిటీ గేట్. అది దేశంలోని పెద్ద బస్ స్టేషన్.

కరీబియన్ సముద్రంలోని ఈ చిన్న దీవి కథ మనకెందుకు అనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ రైలు పట్టాల పక్కన ఊళ్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది హిందుస్తాన్ నుంచి కూలీలుగా వెళ్లినవాళ్లు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. రెండోది, "నష్టం వస్తోంది, మూసేద్దాం" అనే మాట మనం ఇక్కడ కూడా తరచూ వింటూ ఉంటాం. ఆ మాట విని మూసేస్తే యాభై ఏళ్ల తర్వాత ఏమవుతుందో ట్రినిడాడ్ చూపిస్తుంది.

ముందు ఓడ వచ్చింది, తర్వాత రైలు

ట్రినిడాడ్ అప్పట్లో బ్రిటిష్ వాళ్ల కాలనీ. దాని ఆదాయమంతా చెరకు మీదే. తోటల్లో పనిచేసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం. 1834లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం అమల్లోకి వచ్చింది, 1838 నాటికి వాళ్లు పూర్తిగా స్వేచ్ఛ పొందారు. తోటల యజమానులకు చవకగా పనిచేసే మనుషులు కావాల్సి వచ్చింది. అప్పుడు వాళ్ల చూపు మన దేశం మీద పడింది.

1845 మే 30న కలకత్తా నుంచి బయల్దేరిన ఒక ఓడ 200 మందికి పైగా కూలీలతో ట్రినిడాడ్ చేరింది. దాని పేరు ఫతహ్ అల్ రజాక్. అక్కడివాళ్ల నోట్లో అది ఫాటెల్ రజాక్ అయింది. అప్పటి నుంచి 1917 దాకా 1 లక్షా 40 వేల మందికి పైగా భారతీయులు ఆ దీవికి వెళ్లారు. ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలవాళ్లు, కలకత్తా రేవు నుంచి ఎక్కినవాళ్లు. మద్రాసు రేవు నుంచి కూడా కొన్ని ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లందరినీ కలిపి "మద్రాసీ" అనేవాళ్లు. భాష ఏదైనా పేరు ఒక్కటే.

వీళ్లు వెళ్లింది ఐదేళ్ల ఒప్పందం మీద. ఆ ఐదేళ్లూ కూలీకి తోట దాటి వెళ్లే హక్కు లేదు. బయటికి వెళ్లాలంటే యజమాని సంతకం చేసిన చీటీ కావాలి. చీటీ లేకుండా రోడ్డు మీద దొరికితే అరెస్టు, కోర్టు, జైలు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే రైలు వచ్చింది ఈ మనుషుల మధ్యకే.

1876లో మొదటి బండి

రైలు రాకముందు దీవిలో ప్రయాణం చాలా కష్టం. వానాకాలం వస్తే రోడ్లన్నీ బురద. రాజధాని నుంచి దక్షిణాన ఉన్న శాన్ ఫెర్నాండోకి వెళ్లాలంటే తీరం వెంట తిరిగే స్టీమర్ ఎక్కడమే నయం. చక్కెర, కోకో రేవుకు చేరడం ఇంకో పెద్ద తలనొప్పి. శాన్ ఫెర్నాండో వైపు కొందరు తోటల యజమానులు చిన్న ట్రామ్ పట్టాలు వేసుకుని కంచర గాడిదలతో బండ్లు లాగించుకునేవాళ్లు.

1876 ఆగస్టు 31న ట్రినిడాడ్ గవర్నమెంట్ రైల్వే మొదలైంది. మొదటి లైను పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి తూర్పున అరీమా అనే ఊరి దాకా. దాదాపు 25 కిలోమీటర్లు. చిన్న దీవి కదా అని సన్నపట్టాలు వేయలేదు. ఇంగ్లండ్‌లో వాడే స్టాండర్డ్ గేజ్‌నే వేశారు.

తర్వాత లైన్లు ఒక్కొక్కటే పెరిగాయి. 1880లో కూవా, 1882లో శాన్ ఫెర్నాండో. ఇవి చెరకు ప్రాంతాలు. 1897లో తూర్పున సాంగ్రే గ్రాండే, 1898లో దీవి మధ్యలో ఉన్న టబాకిట్, 1914లో రియో క్లారో. ఇటువైపు ఎక్కువగా కోకో తోటలు. 1913లో దక్షిణాన సిపారియా. మ్యాప్ తీసి చూస్తే ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. సరుకు ఎక్కడ పండితే పట్టా అక్కడికి వెళ్లింది. అన్ని పట్టాలూ చివరికి సౌత్ క్వే స్టేషన్‌కి, అంటే ఓడరేవు పక్కకే వచ్చి చేరాయి. లండన్‌కి వెళ్లాల్సిన సరుకు ఓడ దాకా రావాలి. రైలు పుట్టింది ఆ పని కోసమే.

సరుకుకు దారి ఉంది, మనిషికి లేదు

రైలు శాన్ ఫెర్నాండో చేరిన రెండేళ్లకే ఆ ఊరి దగ్గర ఘోరం జరిగింది. ట్రినిడాడ్‌లో ముహర్రంని హోసే అంటారు. "యా హుసేన్" అనే పిలుపు నుంచి వచ్చిన మాట అది. తోటల్లో ఉన్న కూలీలు ప్రతి ఏడూ తాజియాలు కట్టి ఊరేగింపుగా ఊళ్లోకి తెచ్చేవాళ్లు. ముస్లింలతో పాటు హిందువులూ, ఆఫ్రికన్ జనం కూడా కలిసేవాళ్లు. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

1884లో సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. తాజియాలు తోటల హద్దుల్లోనే ఉండాలి, పట్టణాల్లోకి రాకూడదని. అక్టోబర్ 30న, ఆషూరా రోజు, వేలమంది ఎప్పటిలాగే శాన్ ఫెర్నాండో వైపు నడిచారు. పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చనిపోయారు, 100 మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్ల సంఖ్య ఇంకా ఎక్కువని కూడా లెక్కలున్నాయి.

ఆ రోజుల్లో చక్కెర బస్తా ఏ చీటీ లేకుండా శాన్ ఫెర్నాండో నుంచి రాజధానికి రైల్లో వెళ్లేది. ఆ చక్కెర పండించిన మనిషి తాజియా భుజాన పెట్టుకుని పక్క ఊరికి నడిచి వెళ్లలేకపోయాడు. కాలనీల్లో రైలు "అభివృద్ధి తెచ్చింది" అని చదివేటప్పుడు ఈ రెండో సగం కూడా గుర్తుండాలి.

మెల్లగా మనుషుల రైలు అయింది

అయినా కథ అక్కడ ఆగలేదు. ఒప్పందం పూర్తయినవాళ్లు చాలామంది వెనక్కి రాలేదు. 1869 నుంచి కొంతకాలం, ఇండియాకి తిరుగు ప్రయాణం వద్దనుకుంటే దానికి బదులు భూమి ఇచ్చే పథకం నడిచింది. అలా తీసుకున్నవీ, తర్వాత కొనుక్కున్నవీ చిన్న చిన్న పొలాల్లో వరి వేశారు, చెరకు వేశారు, కూరగాయలు పండించారు, ఆవుల్ని పెంచుకున్నారు. కరోనీ, చగువానస్, కూవా, డెబే, పెనాల్ లాంటి ఊళ్లు అలా నిండాయి. ఇవన్నీ రైలు వెళ్లిన ఊళ్లే. కలకత్తా సెటిల్‌మెంట్ అనే పేరుతో ఒక ఊరు ఇప్పటికీ ఉంది. శాన్ ఫెర్నాండో పక్కన గోల్కొండ అనే ఊరు కూడా ఉందంటే మన హైదరాబాదీలకు నవ్వొస్తుందేమో!

చెరకు కోసం వేసిన పట్టా ఇలా మెల్లగా ఈ కుటుంబాల చేతికి వచ్చింది. పండించినది పట్నంలో అమ్ముకోవడానికి, పిల్లల్ని పెద్ద బడికి పంపడానికి, బంధువుల ఇంటికి షాదీకి పోవడానికి రైలే దారి. నూనె బావులు, రిఫైనరీలు వచ్చాక దక్షిణం వైపు పనికి పోయేవాళ్లూ పెరిగారు.

రాజధాని నుంచి వచ్చే లైను సెయింట్ జోసెఫ్ దగ్గర రెండుగా చీలేది. ఒకటి తూర్పుకు అరీమా వైపు, ఇంకొకటి దక్షిణానికి శాన్ ఫెర్నాండో వైపు. ఆ సెయింట్ జోసెఫ్‌లోనే 1954లో జిన్నా మెమోరియల్ మస్జిద్ తెరిచారు. నేటికీ దీవిలోని పేరున్న మస్జిద్‌లలో అది ఒకటి. చీటీ లేకుండా తోట దాటలేని కూలీల బిడ్డలు, మనవలు పెద్ద ఊళ్లో మస్జిద్ కట్టుకునే స్థాయికి వచ్చారు. ఈ మార్పులో చదువుకీ, వ్యాపారానికీ, వాటితో పాటు ప్రయాణానికీ వాటా ఉంది.

రైలు ఎందుకు ఓడిపోయింది?

కారణం ఒక్కటి కాదు. ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

మొదటిది కోకో. 1920లలో ధరలు పడిపోయాయి. 1928లో "విచెస్ బ్రూమ్" అనే తెగులు వచ్చి తోటల్ని పాడుచేసింది. కోకోని నమ్ముకుని వేసిన లైన్లకు సరుకు తగ్గిపోయింది.

రెండోది రోడ్డు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇక్కడ సైనిక స్థావరాలు కట్టింది. అరీమా అవతల ఉన్న వాలర్ ఫీల్డ్ అనే విమాన స్థావరానికి పోవడానికి రాజధాని వైపు నుంచి కొత్త హైవే వేసింది. దాని పేరు చర్చిల్-రూజ్‌వెల్ట్ హైవే. యుద్ధం అయిపోయాక అది మామూలు జనానికి వచ్చింది. అంటే రైలు లైనుకు దాదాపు సమాంతరంగా మంచి రోడ్డు తయారైంది. 1950లలో చగువానస్ వైపు కూడా హైవే వచ్చింది. లారీ ఇంటి ముందుకే వస్తుంది. బస్సు, టాక్సీ ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతాయి. రైలు స్టేషన్‌కి మనం నడిచి వెళ్లాలి.

మూడోది హిసాబు. నేను చదివింది కామర్స్ కాబట్టి ఈ భాగం కొంచెం వివరంగా చెప్తాను.

రైల్వేకి పట్టా, వంతెనలు, సిగ్నళ్లు, స్టేషన్లు, సిబ్బంది అన్నీ సొంతం. బండిలో పది మంది ఎక్కినా వంద మంది ఎక్కినా వీటి ఖర్చు దాదాపు ఒకటే. దీన్ని స్థిర ఖర్చు అంటారు. ఇదంతా రైల్వే ఖాతాలోనే పడుతుంది. బస్సు యజమాని సంగతి వేరు. ఆయన బస్సు కొంటాడు, డ్రైవర్‌కి జీతం ఇస్తాడు, డీజిల్ పోస్తాడు. రోడ్డు మాత్రం సర్కారు వేస్తుంది. రోడ్డు ఖర్చు ఆయన ఖాతాలో పూర్తిగా కనిపించదు. అందుకే రెండు ఖాతాలూ పక్కపక్కన పెడితే ఎప్పుడూ రైలే నష్టంలో కనిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నష్టం తగ్గించాలని ముందుగా చిన్న లైన్లు మూసేస్తారు. ట్రినిడాడ్‌లో కూడా అదే చేశారు. 1950ల నుంచి ఒక్కో కొమ్మ తెగుతూ వచ్చింది. కానీ ఆ చిన్న ఊరివాళ్లు అక్కడ ఎక్కి పెద్ద లైను మీద కూడా ప్రయాణం చేసేవాళ్లు కదా. కొమ్మ కొట్టేస్తే వాళ్లు మొత్తానికే బస్సుకు మారిపోతారు. అప్పుడు పెద్ద లైను ఆదాయం కూడా పడిపోతుంది. వచ్చే ఏడు నష్టం ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మళ్లీ ఇంకో లైను మూస్తారు. ఇలా చెట్టు మానుకు వచ్చేదాకా నరుకుతూ పోతారు.

1962 ఆగస్టు 31న ట్రినిడాడ్ స్వతంత్ర దేశమైంది. చిత్రం ఏమిటంటే, మొదటి రైలు నడిచింది కూడా ఆగస్టు 31నే, 86 ఏళ్ల ముందు. కొత్త ప్రభుత్వం చేతిలో బడి, ఆసుపత్రి, రోడ్డు అని వంద పనులున్నాయి. 1965లో పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ సర్వీస్ కార్పొరేషన్ ఏర్పడింది. బస్సుల బాధ్యతతో పాటు మిగిలిన రైలు బాధ్యత కూడా దానికే వచ్చింది. మూడేళ్లకు రైలు ఆగిపోయింది.

ఆఖరి బండి

1968 డిసెంబర్ 28, శనివారం. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి శాన్ ఫెర్నాండోకి ఆఖరి ప్యాసింజర్ రైలు నడిచింది. రంజాన్ ఈద్ అయి దాదాపు వారం. ఈద్‌కి, దీపావళికి ఆ దేశంలో సెలవు ఇవ్వడం మొదలై అప్పటికి రెండేళ్లే. అంటే తమ పండుగకు దేశమంతా సెలవు దొరికిన కొత్తలోనే, ఆ కుటుంబాలు తరతరాలుగా ఎక్కిన రైలు పోయింది.

"లాస్ట్ ట్రైన్ టు శాన్ ఫెర్నాండో" అని ట్రినిడాడ్ కాలిప్సో పాట ఒకటుంది. 1957లో జానీ డంకన్ అనే గాయకుడు పాడితే బ్రిటన్‌లో పెద్ద హిట్ అయింది. అంటే పాటలో ఆఖరి రైలు, నిజమైన ఆఖరి రైలు కంటే కనీసం 11 ఏళ్లు ముందే వెళ్లిపోయింది!

స్టేషన్ ఇప్పుడు ఏం చేస్తోంది?

రైలు పోయినా జనం పోలేదు. వాళ్లకు రాజధానికి రావాల్సిన పని ఉంది. అందుకే సౌత్ క్వే స్టేషన్ పాడుబడలేదు, బస్సుల చేతికి వచ్చింది. ప్రభుత్వ బస్సులు అక్కడి నుంచే బయల్దేరతాయి. మ్యాక్సీ టాక్సీలు కూడా అక్కడే దొరుకుతాయి. అవి మన దగ్గర సెవెన్ సీటర్ ఆటోలు నడిచినట్టు నడిచే వ్యాన్లు, కాకపోతే ఇంకా పెద్దవి. వాటి ఒంటి మీద రంగు పట్టీ ఉంటుంది. ఎర్ర పట్టీ అంటే తూర్పు దారి, అరీమా వైపు. ఆకుపచ్చ పట్టీ అంటే దక్షిణం, చగువానస్, శాన్ ఫెర్నాండో వైపు.

ఇప్పుడు పైన చెప్పిన సంవత్సరాలు ఒకసారి చూడండి. ఎర్ర పట్టీ దారి 1876 నాటి రైలు దారి. ఆకుపచ్చ పట్టీ దారి 1880, 1882 నాటి రైలు దారి. పట్టా తీసేసినా మనుషులు అదే వరుసలో తిరుగుతున్నారు. రైలు వల్ల పెరిగిన ఊళ్లు లేచి వేరే చోటికి పోవు కదా.

రాజధాని నుంచి అరీమా దాకా ఉన్న పాత రైలు దారిని రోడ్డుగా మార్చి బస్సులకు, మ్యాక్సీలకు కేటాయించారు. ప్రయారిటీ బస్ రూట్ అంటారు. మామూలు కార్లకు అందులోకి అనుమతి లేదు. పక్కన పెద్ద రోడ్డు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉంటే, ఈ దారిలో బస్సు సాగిపోతుంది. రైలు స్థలాన్ని ముక్కలు చేసి అమ్మకుండా దారిగానే ఉంచడం వల్లే ఇది సాధ్యమైంది. మిగతా లైన్లలో చాలాచోట్ల ఇళ్లు వచ్చేశాయి. కొన్ని వీధులకు రైల్వే రోడ్ అన్న పేరు మాత్రం మిగిలింది. శాన్ ఫెర్నాండోలో హారిస్ ప్రొమెనేడ్ అనే చోట 11వ నంబర్ ఆవిరి ఇంజన్‌ని జనం చూడటానికి నిలబెట్టారు.

మూసేయడం తేలిక, తెరవడం కష్టం

1970లలో చమురు ధరలు పెరిగాయి. నూనె అమ్మే దేశం కాబట్టి ట్రినిడాడ్‌కి డబ్బు వచ్చింది. జనం కార్లు కొన్నారు. పెట్రోలు మీద సబ్సిడీ కూడా ఇచ్చారు. నేడు పొద్దున, సాయంత్రం రాజధాని దారుల్లో గంటలకొద్దీ ట్రాఫిక్ జామ్ అక్కడి రోజువారీ మాట.

చివరికి ప్రభుత్వానికి రైలు మళ్లీ గుర్తొచ్చింది. ర్యాపిడ్ రైల్ అని 100 కిలోమీటర్ల పైచిలుకు కొత్త రైలు కట్టాలని ప్లాన్ వేశారు. 2008లో ఒక విదేశీ కంపెనీల కూటమికి పని అప్పగించారు. రెండు ముఖ్యమైన లైన్లు ఎటువైపు అనుకున్నారు? ఒకటి తూర్పు దారి, ఇంకొకటి రాజధాని నుంచి శాన్ ఫెర్నాండో. పాత లైన్ల దిక్కులే! కానీ ఇప్పుడు భూమి కొత్తగా సేకరించాలి, ఇళ్లు తీయాలి, వంతెనలు కట్టాలి. ఖర్చు తడిసి మోపెడవుతుందని తేలింది. 2010లో ప్రభుత్వం మారింది, ప్రాజెక్టు రద్దయింది. అధ్యయనాలకు పెట్టిన డబ్బు అలాగే పోయింది.

1968లో రైలు మూసినవాళ్లు మూర్ఖులని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్ల ముందున్న ఖాతాలో నష్టం నిజమే. అయితే ఆ ఖాతాలో కొన్ని కాలమ్‌లు లేవు. ట్రాఫిక్‌లో రోజూ పోయే గంటలకు కాలమ్ లేదు. కారు కొనలేని కుటుంబం అదనంగా పెట్టే చార్జీలకు కాలమ్ లేదు. రేపు మళ్లీ కావాలంటే ఆ భూమి ఎంతకు దొరుకుతుందో రాసుకునే చోటూ లేదు. ఆ ఖర్చులు మాయం కాలేదు. రైల్వే పుస్తకంలోంచి ఇళ్ల పుస్తకాల్లోకి మారాయి, అంతే.

అందుకే మన ఊళ్లో కూడా ఒక బస్సు రూట్, ఒక సర్కారు బడి, ఒక చిన్న స్టేషన్ "నష్టం" అని మూసేస్తామన్నప్పుడు పెద్దలు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఈ నష్టం ఎవరి పుస్తకంలో తగ్గుతుంది, ఎవరి పుస్తకంలో పెరుగుతుంది? మూసినా సరే, ఆ స్థలాన్ని అమ్మకుండా కాపాడతారా? మొదటి ప్రశ్నకు ట్రినిడాడ్ దగ్గర మంచి జవాబు లేదు. రెండో ప్రశ్నకు సగం జవాబుంది. సౌత్ క్వే స్టేషన్, అరీమా దాకా ఉన్న దారి మిగిలాయి కాబట్టే ఈ రోజు కూడా ఎర్ర పట్టీ మ్యాక్సీ ఎక్కిన కూలీ మనిషి, కార్ల వరుసను పక్కన వదిలేసి టైముకు పనికి చేరుతున్నాడు.